గెడ్డ చివరి మనిషి

నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కల. అరటి దొప్పలతో కట్టిన తెప్ప ఒకటి నీళ్ల మీద పోతూ ఉంటుంది. దాని మీద చిన్న దీపం. నేను గట్టు వెంట నడుస్తుంటాను. తెప్ప నాకంటే నాలుగడుగులు ముందే ఉంటుంది. ఎంత నడిచినా గెడ్డ తరగదు. ఆకలి వెయ్యదు, కాళ్లు నొప్పెట్టవు, మంచు తడి మొహానికి తగులుతూ ఉంటుంది. ఆ తెప్ప చివరికి ఎక్కడికి పోతుందో చూడాలి, అంతే. సరిగ్గా చూడబోయే వేళకు మెలకువ వచ్చేస్తుంది. ఒళ్లు మండిపోతుంది నాకు.

ఆ తెప్పను నేను కల్పించుకోలేదు. మాది అనంతగిరి పక్కన కొండ మీద చిన్న ఊరు. ఇంట్లో మాట సగం ఒరియా, సగం తెలుగు. అమ్మమ్మను మేం ఆయి అంటాం. ఊళ్లో కోళ్లకో మేకలకో మనుషులకో రోగం తగిలితే దాన్ని సాగనంపే పని మా ఆయిది. ఇంటింటికీ తిరిగి గుమ్మం ముందు ఊడ్చిన దుమ్ము చిటికెడు, పొయ్యిలో బూడిద చిటికెడు, రోగం వచ్చిన కోడి ఈకలు నాలుగు అడిగి తెస్తుంది. అవన్నీ తెప్ప మీద పెట్టి, పసుపు బియ్యం చల్లి, వత్తి వెలిగించి, మంచు విడవకముందే గెడ్డలో వదులుతుంది. కొండవాగును మా వైపు గెడ్డ అంటారు. మా గెడ్డ నీళ్లు మంచులో కనబడవు, వినబడతాయి. దీపం ఒక్కటే గాల్లో తేలుతూ పోతున్నట్టు ఉండేది.

"ఎల్లిపో తల్లీ. పెద్ద నీల్లకాడికి ఎల్లిపో. ఎనక్కి సూడకు" అనేది ఆయి.

వెనక్కి చూడకూడదన్నది రోగానికే కాదు, మాకూ. తెప్ప వదిలాక తిన్నగా ఇంటికి వచ్చేయాలి. నేను ప్రతిసారీ వెనక్కి చూసేదాన్ని. ప్రతిసారీ నెత్తిన మొట్టికాయ పడేది.

"పెద్ద నీల్లంటే ఏటి ఆయీ? అక్కడ ఎవలుంటారు?"

"సముద్రమే. ఎవలుంటారు? ఎవలూ ఉండరు. నీల్లే నీల్లు."

ఆయి సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. కాళ్ల నొప్పులకని రెండుసార్లు విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లింది గానీ, బీచికి తీసుకెళ్తానంటే "నీల్లు సూడ్డానికి బస్సెక్కాలేటి?" అని కసిరింది. చూడని చోటికే జీవితమంతా రోగాలు పంపింది మరి.

మా గెడ్డ వెళ్లి గోస్తనిలో కలుస్తుందనీ, గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో పడుతుందనీ స్కూల్లో మ్యాపు మీద చూశాను. మధ్యలో తాటిపూడి ఆనకట్ట ఉంది. అసలు ఆయి తెప్పలు మొదటి మలుపులో రాళ్ల దగ్గరే ఇరుక్కుని ఉంటాయి. తెలుసు నాకు. అయినా ఇంటర్ అయ్యాక భీమిలి దగ్గర ఒక రొయ్యపిల్లల హేచరీలో పనికి కుదిరినప్పుడు, మొదటి రోజు సాయంత్రం నీళ్ల అంచున నిలబడి అరటి దొప్ప ముక్క ఏదైనా కనబడుతుందేమోనని వెతికాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

హేచరీ అంటే రొయ్యలకు పురిటి ఆసుపత్రి. తల్లి రొయ్యలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి కంటికి ఆనని పిల్లలు లక్షల్లో వస్తాయి, వాటిని పెంచి చెరువుల వాళ్లకు అమ్ముతారు. సముద్రంలోంచి తోడిన నీళ్లను ఇసుకలో వడగట్టి, మందు కొట్టి, అప్పుడు ట్యాంకుల్లోకి వదులుతారు. లోపలికి వెళ్లాలంటే గుమ్మం దగ్గర గులాబీరంగు మందునీళ్లలో కాళ్లు ముంచాలి, చేతులు కడగాలి, చెప్పులు మార్చాలి. ఒక ట్యాంకు మగ్గు ఇంకో ట్యాంకులో ముంచకూడదు. మగ్గులకు రంగు తాళ్లు కట్టి ఉండేవి, ఎరుపు తాడు ఎర్ర ట్యాంకుకే. అదంతా నాకు మొదట్లో చాదస్తం అనిపించింది. మా ఇంట్లో మడికి కూడా ఇంత గొడవ లేదు కదా అనుకున్నాను.

లోపలికి వచ్చే నీళ్లను కడగడం ఆ పనిలో సగమే. వాడేసిన నీళ్లను కూడా బ్లీచింగుతో రోగం చంపి, నిలవబెట్టి, తేరాక మాత్రమే బయటి కాలువలోకి వదలాలి. ఆ కాలువ ఉప్పుటేటిలోకి, ఉప్పుటేరు సముద్రంలోకి. ఈ రెండో సగం ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరికీ పట్టేది కాదు, మా సారుకు తప్ప. సారంటే అక్కడి టెక్నీషియన్. బక్కపలచని మనిషి, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతు. "ఆ నీళ్లు ఊరికే వదిలితే ఊరుకోను" అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. చెవిలో జోరీగలాగా.

నేను చేరిన ఏడాదే అది జరిగింది. రొయ్యపిల్లల షెడ్డు పగలు కూడా చీకటిగా ఉంటుంది, ట్యాంకుల మీద నల్ల పట్టాలు కప్పి ఉంటాయి. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, చివరి ట్యాంకు పట్టా ఎత్తాను. నీళ్లు వెలుగుతున్నాయి. మా కొండల్లో వానాకాలం మిణుగురులు ఉంటాయి చూడండి, ఆ ఆకుపచ్చ వెలుగు. చెయ్యి పెట్టి కదిపితే వేళ్ల చుట్టూ వెలుగు తిరిగింది. ఎంతసేపు అలా నిలబడిపోయానో! అంత అందమైనదాన్ని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

సారు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. అది రోగమట. ఆ వెలుగే రోగమట. దాని పురుగు నీళ్లలో ఉండి, పిల్లల ఒంట్లోకి చేరి వెలుగుతూ చంపేస్తుందట. "ట్యాంకు మొత్తం బ్లీచింగ్ కొట్టండి. చుక్క కూడా బయటికి పోకూడదు" అన్నాడు.

బస్తా విప్పుతుంటే నా చేతులు ఆడలేదు. ఇన్ని లక్షల ప్రాణాలు, ఇంత వెలుగు. దీన్ని విషం పోసి చంపడమా? మా ఊళ్లో రోగాన్ని కూడా తల్లీ అంటాం. తిట్టం, చంపం, మర్యాదగా సాగనంపుతాం. సాగనంపకపోతే కోపం తెచ్చుకుని ఇంట్లోనే కూర్చుంటుందని భయం. ఆ భయం నా ఎముకల్లో ఉంది, ఇంటర్ చదువు దాన్ని ఏం చేస్తుంది? ఎవరూ చూడకుండా ఆ ట్యాంకులోంచి ఒక మగ్గు నీళ్లు తీశాను. ఊరి నుంచి అన్నం కట్టుకొచ్చిన అడ్డాకు ఉంది. దాన్ని దొన్నెలాగా కుట్టి, ఆ నీళ్లు పోసి, చిటికెడు పసుపు, నాలుగు బియ్యపు గింజలు వేసి, వెనక గట్టు దిగి ఉప్పుటేట్లో వదిలాను. "ఎల్లిపో తల్లీ" అన్నాను, ఆయి గొంతుతో.

ఈసారి కూడా వెనక్కి చూశాను. చూడకుండా ఉండి ఉంటే నా బతుకు ఎంత హాయిగా ఉండేది!

ఉప్పుటేట్లో మోకాళ్లలోతు నీళ్లలో ఒక ముసలామె నిలబడి ఉంది. రోజూ చూసే మనిషే. గట్టున బొరియల్లో ఇనప కొక్కెం పెట్టి మండపీతలు లాగి అమ్ముకుంటుంది. పిల్లాపాపా లేరు, తాటాకు పాకలో ఒక్కతే ఉంటుంది. నన్ను "కొండ గుంట", అంటే కొండపిల్ల, అని ఏడిపించేది, నేను మామ్మా అని పిలిచేదాన్ని. నా దొన్నె తిన్నగా వెళ్లి ఆమె మోకాళ్లకు తగిలింది. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, పసుపూ బియ్యమూ చూసి, చుట్టూ చూసింది. నన్ను గమనించలేదు. దొన్నెను కళ్లకద్దుకుంది. ఆ నీళ్లు తను పీతలు పట్టే చోటే భక్తిగా ఒలకబోసి, ఖాళీ దొన్నెను బుట్టలో పెట్టుకుంది.

ఆయి మాట అబద్ధం. పెద్ద నీళ్ల దగ్గర మనిషి ఉంది.

పిలవాల్సింది. పరుగెత్తాల్సింది. రెండూ చెయ్యలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుందని కొంత, సిగ్గు కొంత. తిన్నగా లోపలికి వెళ్లి కాళ్లు మందునీళ్లలో ముంచుకున్నాను, బుద్ధిమంతురాలిలా.

ఆ ఏడు ఆ గట్టున పీతలు సరిగా పడలేదు. మామ్మ బుట్ట ఖాళీగా వెళ్లడం ఎన్నోసార్లు చూశాను. "ఏటోనే గుంటా, బొర్రలన్నీ కాలీ" అనేది. ఒకరోజు తెగించి సారును డొంకతిరుగుడుగా అడిగాను, ఒక్క మగ్గు నీళ్లు బయటికి పోతే ఏమవుతుంది సార్ అని. ఆయన ముక్కు తుడుచుకుని, "ఈ రోగం సముద్రంలో ఎలాగూ కొంత ఉంటుందమ్మా. మగ్గుతో ఏమీ కాకపోవచ్చు. కానీ మన ట్యాంకుల్లోది మందులు తిని మొండికెత్తిన రోగం. అది బయటపడితే ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకే వదలొద్దు అనేది" అన్నాడు.

ఎవరు చెప్పగలరు? నా వల్లే అని ఎవరూ అనలేరు. కాదనీ అనలేరు. నాలుగేళ్లు ఆ రెండు మాటల మధ్య తిరిగాను. ఆ నాలుగేళ్లలో గేటు దగ్గర రాక్షసినని పేరు తెచ్చుకున్నాను. కాళ్లు ముంచకుండా వస్తే ఎవరినైనా సరే కడిగి పారేసేదాన్ని. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి చేత రెండుసార్లు కాళ్లు కడిగించాను. వాడేసిన నీళ్ల ట్యాంకు తూము తాళంచెవి నా మెడలోనే ఉండేది. అందరూ నాకు పని మీద శ్రద్ధ అనుకున్నారు. మామ్మకు మాత్రం చెప్పలేదు. రోజూ ఆమెకు టీ ఇచ్చేదాన్ని, గట్టున కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని, ఆ ఒక్కటీ చెప్పేదాన్ని కాదు.

ఇటీవలే, మొన్నటి వానాకాలం చివర, ఆయి ఫోన్ చేసింది. ఆయికి ఫోన్ అంటే అవతలి కొండ మీది వాళ్లను పిలవడమే, అంత గట్టిగా అరుస్తుంది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? ఊళ్లో కోల్లకి రోగమొచ్చీసినాది. నా కాల్లు గెడ్డదాకా మొయ్యవు. ఈపాలి తెప్ప నువ్వే ఒదలాలి. బేగి రా."

సెలవు పెట్టి వెళ్లాను. వద్దని ఫోన్లో చెప్పే ధైర్యం లేదు. ఊరు చేరేసరికి తెప్ప కట్టి సిద్ధంగా ఉంది. తెల్లారుతుండగా ఆయిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ గెడ్డకు వెళ్లాను. వెనక ఊరి ఆడవాళ్లు పదిమంది. మంచు అదే, నీళ్ల చప్పుడు అదే, దీపం అదే. నా కలలోకి కాళ్లతో నడిచి వెళ్లినట్టుంది. తెప్పను నీళ్ల మీదికి వంచాను. ఈకలు మంచుకు తడిసి ఉన్నాయి.

"ఒదులు" అంది ఆయి.

నేను కదల్లేదు.

"ఒదలవేటే? సెయ్యి పట్టీసిందేటి?"

"ఒదలను ఆయీ."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. "పట్నంలో ఉద్దోగం కదా, మన పద్దతులు నచ్చవు మారాణికి" అని ఎవరో అననే అన్నారు. నాకు సర్రున కోపం వచ్చింది, తిరిగి నాలుగు అంటించేదాన్నే. ఆయి చెయ్యెత్తి వాళ్లను ఆగమంది. ఆ వయసులో, ఊరందరి ముందు, తన మనవరాలు తన చేతిలోని పనిని కాదంటోంది. ఆమె మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. బండ మీద కూర్చుని, పక్కన చోటు చూపించి, "సెప్పు" అంది.

చెప్పాను. వెలిగే నీళ్లు, అడ్డాకు దొన్నె, మోకాళ్లలోతు నీళ్లలో ముసలామె, కళ్లకద్దుకోవడం, నేను నోరు మూసుకోవడం, అంతా. మన కింది ఊరి కోళ్లు కూడా ఈ గెడ్డ నీళ్లే తాగుతాయి కదా ఆయీ అని కూడా అన్నాను. ఆ మాట ఆమె విన్నట్టు లేదు.

"అయితే సివర్న మనిసుందా?" అంది.

"ఉంది."

"నిజింగా?"

"నీ అంత ముసలిది. ఒక్కతే ఉంటాది."

ఆయి నీళ్లకేసి చూసింది. మంచు కొంచెం కొంచెంగా విడుతోంది. "ఎన్ని ఒదిలీసేనో!" అంది చివరికి, తనలో తను. "ఇన్నాల్లూ మన ఇంట్లో ఊడ్చింది తీసుకెల్లి ఆ మనిసి వాకిట్లో పోసేనన్నమాట."

"నీ తెప్పలు అంత దూరం రావు ఆయీ. మధ్యలో ఆనకట్ట ఉంది."

"రాకపోతే ఏటి? నాను పంపింది ఆడికే గదా."

నా చేతిలోంచి తెప్ప లాక్కుంది. దీపం ఆర్పేసింది. గెడ్డకు దూరంగా, చింతచెట్ల అవతల మెరకలో గొయ్యి తవ్వమంది. ఈకలూ బూడిదా చచ్చిన కోళ్లూ అన్నీ అందులోనే వేయించి, మీద సున్నం చల్లించింది. నా సంచిలో బ్లీచింగ్ పొట్లం ఉంది, సిగ్గు లేకుండా అదీ తీసి చల్లాను. ఆడవాళ్లలో ఒకామె ఉండబట్టలేక అడిగేసింది, "ఇలగైతే రోగం ఎల్లదు కదా?"

"ఎల్లక్కర్లేదు" అంది ఆయి. "ఇక్కడే సావనీ."

ఇంటికి వచ్చాక నన్ను కూర్చోబెట్టి, తప్పు పెట్టుకోవాలి అంది. మా కొండల్లో అదో పద్ధతి. ఎవరికైనా కీడు చేస్తే వాళ్ల గుమ్మం ముందు నిలబడి, చేసిందేమిటో నోటితో చెప్పి, కోడినో గింజల్నో ఇవ్వాలి. వాళ్లు వండి, ఇద్దరూ కలిసి తింటే అక్కడితో సరి. నోటితో చెప్పకుండా ఇస్తే అది ఉత్త కానుక, తప్పు తీరదు. ఆయి వెళ్లి గంప కింది నుంచి ఒక పెట్టను తెచ్చింది. "ఇది బాగానే ఉంది, పట్టుకెల్లు" అంది.

"ఆయీ! రోగమున్న ఊరి కోడిని మళ్లీ కిందికి మొయ్యమంటావా?"

ఆయి ఒక క్షణం నన్ను చూసి పకపకా నవ్వింది. నేను ఊరొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. కోడి గంప కిందికి వెళ్లిపోయింది. దాని బదులు తన మెట్టలో పండిన చోళ్లు, అదే రాగులు, చిన్న మూట కట్టింది. "నీ తప్పుకి కాదు, మనిద్దరి తప్పుకీ" అంది.

బొర్రా స్టేషన్లో విశాఖపట్నం వెళ్లే కిరండోల్ రైలెక్కాను. కిటికీ పక్కన, ఒళ్లో మూట. సొరంగం వస్తుంది, అంతా చీకటి. సొరంగం పోతుంది, లోయ, ఎండ, అడుగున ఎక్కడో దారంలా నీళ్లు. చీకటి పడినప్పుడల్లా మామ్మకు చెప్పాల్సిన మాట నోట్లో కూడబలుక్కున్నాను. వెలుతురు రాగానే మర్చిపోయాను. అన్ని సొరంగాలు దాటినా ఆ మాట కుదరలేదు. మధ్యలో కునుకు పట్టి అదే కల వచ్చింది. ఈసారి తెప్ప మీద దీపం లేదు, చోళ్ల మూట ఉంది.

మర్నాడు పొద్దున్నే, ఆటు తీసి ఉప్పుటేరు సగం ఖాళీగా ఉన్న వేళ, మామ్మ పాక ముందు నిలబడ్డాను. ఆమె కొక్కేనికి తుప్పు గీకుతోంది.

"ఏటే కొండ గుంటా, ఊరెల్లి బేగి వొచ్చీసినావు? మూతి అలగ ముడుసుకున్నావేటి?"

నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు, ఎక్కడ ఆపానో గుర్తుంది. "అది ప్రసాదం కాదు మామ్మా. రోగం. నేనే వదిలాను. నువ్వు కళ్లకద్దుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను."

ఆమె కొక్కెం పక్కన పెట్టింది. "అయితే ఆ యేడు నా పీతల్ని నువ్వే సంపీసినావా?"

"తెలీదు. నావల్ల కావచ్చు, కాకపోవచ్చు. వదలడం మాత్రం నేనే వదిలాను."

మామ్మ తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లు అలవాటే. లేచి పాకలోకి వెళ్లి, చూరులోంచి ఏదో తీసి తెచ్చింది. ఎండి, గోధుమరంగుకు తిరిగి, అంచులు విరిగిపోయిన అడ్డాకు దొన్నె. దాని అడుగున ఇంకా కాస్త పసుపు మరక ఉంది.

"నాకోసమని ఎవలూ ఏటీ పంపలేదే ఎప్పుడూ" అంది. "ఇది తిన్నగా నా కాల్లకాడికే వొచ్చింది. ఎవలో మంచి కోరి ఒదిలేరనుకుని దాసుకున్నాను. గాలివానకి పాక ఎగిరిపోయినప్పుడు కూడా ఇది పట్టుకునే పరిగెట్టేను."

నేను అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను. పీతల కోసం కాదు. నాలుగేళ్లుగా ఆమెకు లోకంలో ఎవరో ఒకరు ఉన్నారు. ఆ ఒక్క మనిషినీ నేను ఇప్పుడు తీసేశాను.

ఆమె దొన్నెను నా చేతిలో పెట్టి, "ఏడిసింది సాల్లే. పొయ్యిలో పడీ" అంది. పడేశాను. ఒక్కసారి భగ్గున మండింది. ఆ మంట ఆరకముందే నాలుగు పుల్లలు ఎగదోసి, కుండ పెట్టి, మూట విప్పింది. చోళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. చేటలో పోసి చెరిగి, రోట్లో నలగ్గొట్టి, అంబలి కాచింది. పోటు మొదలై నీళ్లు పాక కిందిదాకా రావడం వినబడుతోంది. రెండు సత్తు గిన్నెల్లో పోసి, ఒకటి నా ముందుకు తోసి, తనూ కూర్చుంది. ఇద్దరం తాగాం.

"ఈ సోల్లు ఎవలు పండించేరే?" అంది సగం గిన్నె అయ్యాక.

"మా ఆయి."

"నాకోసమని పంపిందా?"

"నీకోసమే. నువ్వున్నావని మొన్ననే తెలిసింది ఆమెకి."

మామ్మ గిన్నె కింద పెట్టి, ఉప్పుటేటి మీదుగా కొండల వైపు చూసింది. ఆ ఉదయం కొండలు మబ్బులో ఉన్నాయి, ఏమీ కనబడటం లేదు. ఆమె మాత్రం కనబడుతున్నట్టే చూసింది.

"అయితే ఆ పైన మనిసుందన్నమాట" అని, నా గిన్నెలో ఇంకో గరిటె పోసింది.